స్టోరేజి నిరీక్షణ గడువు: డేటాబేస్‌లు వాల్యూమ్‌ల కోసం ఎంతసేపు ఆగాలి

నిర్వచనం, పరిధి

తన ఫైళ్లున్న వాల్యూమ్ అందుబాటులోకి వచ్చేదాకా డేటాబేస్ ఎంతసేపు ఆగాలి, వచ్చాక పంపిన ప్రతి చదివే కమాండ్‌కూ రాసే కమాండ్‌కూ జవాబు కోసం ఎంతసేపు చూడాలి, ఆ తర్వాత ఏం చేయాలి అని చెప్పే పరిమితే స్టోరేజి నిరీక్షణ గడువు. ఇంజనీర్ల నోట ఇది టైమౌట్. ఏకవచనంలో అంటున్నా ఇది ఒక్క అంకె కాదు. డిస్కు ఫర్మ్‌వేర్‌లో, కెర్నెల్ డ్రైవర్‌లో, మల్టీపాత్ పొరలో, డేటాబేస్‌లో, క్లస్టర్ మేనేజర్‌లో, అప్లికేషన్ కనెక్షన్ పూల్‌లో వేర్వేరు గడియారాలు ఒకేసారి నడుస్తుంటాయి. వీటిని వేర్వేరు సంస్థలు వేర్వేరు దశాబ్దాల్లో, ఒకదాని సంగతి మరొకదానికి తెలియకుండా అమర్చాయి. ఒక అడ్డువరుసను మరో లావాదేవీ పట్టుకుని ఉంచడం వల్ల కలిగే ఆలస్యం ఈ వ్యాసం పరిధిలోకి రాదు (చూ. లాక్ నిరీక్షణ).

గడువు ఎంత ఉండాలన్న ప్రశ్నకు రెండు భాగాలున్న జవాబును ఈ వ్యాసం సమర్థిస్తుంది. స్టోరేజి మామూలుగా ఎంత వేగంగా పనిచేస్తుందన్నది కొలత కాకూడదు. కింది పొర తన లోపం నుంచి తానే కోలుకోవడానికి గరిష్ఠంగా ఎంత కాలం పడుతుందన్నదే కొలత కావాలి. ఆశ వదులుకునే అధికారం, వదులుకున్నాక వెళ్లడానికి మరో దారి ఉన్న పొరకే ఉండాలి. ఈ సమస్యకు సిద్ధాంతపరమైన మూలం పాతదే. జవాబు రావడానికి పట్టే కాలానికి హద్దు లేని వ్యవస్థలో, ఒక్క ప్రక్రియ చనిపోయే అవకాశం ఉన్నా, మిగిలినవి తప్పకుండా ఒక ఒప్పందానికి వస్తాయని హామీ ఇచ్చే నిర్ణీత అల్గోరిథం ఉండదని ఫిషర్, లించ్, పాటర్సన్ 1985లో నిరూపించారు. నెమ్మదించినదానికీ చచ్చిపోయినదానికీ తేడాను బయటినుంచి కనిపెట్టలేకపోవడమే దాని సారం. కాబట్టి ఏ గడువైనా ఒక అంచనా మాత్రమే. అంచనా తప్పినప్పుడు జరిగే నష్టం ఎక్కడ తక్కువో చూసి ఆ అంచనా వేసే పొరను ఎంచుకోవాలి.

చారిత్రక క్రమం

ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లో పరికరం నుంచి రావలసిన ఇంటరప్ట్ నిర్ణీత కాలంలో రాకపోతే గుర్తుపట్టి ఆపరేటర్‌కు చెప్పే మిస్సింగ్ ఇంటరప్ట్ హ్యాండ్లర్ ఉండేది. నేటి జడ్ఓఎస్‌లోనూ ఉంది. డిస్కు, కంప్యూటర్ ఒకే గదిలో ఒకే కేబుల్ మీద ఉన్నంతకాలం జవాబు రాలేదంటే దాదాపుగా పరికరం పాడైనట్టే లెక్క. 1980ల మధ్యలో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఎన్ఎఫ్ఎస్‌తో ఆ లెక్క చెదిరింది. సర్వర్ రీబూట్ అవుతున్నా, నెట్‌వర్క్ తెగినా క్లయింట్‌కు కనిపించేది ఒకే మౌనం. అందుకే ఎన్ఎఫ్ఎస్‌లో రెండు రకాల మౌంట్‌లు వచ్చాయి. హార్డ్ మౌంట్ సర్వర్ తిరిగి పలికేదాకా అడుగుతూనే ఉంటుంది, సాఫ్ట్ మౌంట్ కొన్ని ప్రయత్నాల తర్వాత లోపాన్ని అప్లికేషన్‌కు చెప్పేస్తుంది. లినక్స్‌లో టీసీపీ మీద ఒక్కో ప్రయత్నానికి డిఫాల్ట్ గడువు 60 సెకన్లు. సాఫ్ట్ మౌంట్ వల్ల డేటా చడీచప్పుడు లేకుండా పాడుకావచ్చని లినక్స్ మాన్యువల్ హెచ్చరిస్తుంది. ఒరాకిల్ తన డేటా ఫైళ్లకు హార్డ్ మౌంటే వాడమంటుంది. ఈ రెండు మౌంట్‌ల మధ్య అప్పుడు మొదలైన చర్చే రకరకాల పేర్లతో నేటికీ నడుస్తోంది.

ఫైబర్ ఛానల్ శాన్‌లు, 2004లో ఆర్ఎఫ్‌సీ 3720గా వెలువడిన ఐస్కసీ, 2008లో అమెజాన్ ప్రారంభించిన ఎలాస్టిక్ బ్లాక్ స్టోర్, ఈ మూడూ డిస్కును కంప్యూటర్ నుంచి దూరం జరుపుతూ వచ్చాయి. పైన ఉన్న ఫైల్ సిస్టమ్‌లు, డేటాబేస్‌లు మాత్రం వాల్యూమ్‌ను ఇంకా పక్కనే ఉన్న డిస్కుగానే భావించి నడుచుకుంటున్నాయి.

మొదలయ్యేటప్పటి నిరీక్షణ

యంత్రం బూట్ అయ్యేటప్పుడు వాల్యూమ్ కన్నా డేటాబేస్ ముందు లేస్తే జరిగే ప్రమాదం ఆలస్యం కన్నా పెద్దది. మౌంట్ కావలసిన డైరెక్టరీ ఖాళీగా కనిపిస్తుంది. ప్రారంభ స్క్రిప్ట్ దాన్ని కొత్త ఇన్‌స్టలేషన్ అనుకుని కొత్త డేటాబేస్ సృష్టిస్తే, ఆ తర్వాత అసలు వాల్యూమ్ దాని మీదే మౌంట్ కావచ్చు, లేదా అప్లికేషన్లు ఖాళీ డేటాబేస్‌లోకే రాయడం మొదలుపెట్టవచ్చు. మౌంట్ పాయింట్‌నే డేటా డైరెక్టరీగా వాడవద్దని, దాని లోపల ఒక ఉపడైరెక్టరీ చేసుకోమని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ సలహా ఇవ్వడానికి ఒక కారణం ఇదే. వాల్యూమ్ లేకపోతే ఉపడైరెక్టరీ కూడా ఉండదు, ప్రారంభం స్పష్టంగా విఫలమవుతుంది. సిస్టమ్‌డీలో ఒక సర్వీసు ఫలానా దారి మౌంట్ అయ్యాకే మొదలుకావాలని రాయవచ్చు. పరికరం కోసం ఆగే డిఫాల్ట్ గడువు 90 సెకన్లు, ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఒక్కో మౌంట్‌కు దాన్ని మార్చుకోవచ్చు. మౌంట్ విఫలమైనా బూట్ ఆగకూడదని చెప్పే నోఫెయిల్ ఎంపిక ఒక్కటే పెట్టి, సర్వీసుకు ఆ ఆధారాన్ని రాయకపోవడం పైన చెప్పిన ఖాళీ డైరెక్టరీ ప్రమాదానికి నేరుగా తలుపు తీస్తుంది.

కుబర్నెటిస్‌లో ఈ దశ ఇంకా చిక్కుగా ఉంటుంది. వాల్యూమ్ ముందు నోడ్‌కు అటాచ్ కావాలి, తర్వాత మౌంట్ కావాలి. పాడ్ వాల్యూమ్‌ల కోసం క్యూబ్‌లెట్ ఒక విడతలో 2 నిమిషాల 3 సెకన్లు ఆగి, లోపం నమోదు చేసి, మళ్లీ ప్రయత్నిస్తుంది. నోడ్ ఉన్నట్టుండి మూగబోతే, దాని మీదున్న వాల్యూమ్‌ను మరో నోడ్‌కు ఇవ్వడానికి ముందు కంట్రోలర్ డిఫాల్ట్‌గా 6 నిమిషాలు ఆగుతుంది. డేటాబేస్ నడిపేవాళ్లకు ఈ ఆరు నిమిషాలు అన్యాయంగా తోస్తాయి. అయితే పాత నోడ్ నిజంగా చచ్చిందో, నెట్‌వర్క్ తెగి లోపల ఇంకా రాస్తూనే ఉందో కంట్రోలర్‌కు తెలియదు. ఆ అజ్ఞానానికి చెల్లించే మూల్యమే ఈ విరామం. నోడ్ ఆగిపోయిందని బయటినుంచి నిర్ధారించి ప్రత్యేక టెయింట్ పెడితే ఈ ఆగడం అవసరం లేకుండా చేసే సదుపాయం 1.28 వెర్షన్లో స్థిరపడింది. గడువును తగ్గించింది మెరుగైన సమాచారమే, ధైర్యంగా పెట్టిన చిన్న అంకె కాదు.

నడుస్తున్నప్పటి నిరీక్షణ: పొరలు, వాటి వరస

లినక్స్‌లో స్కసీ డిస్కు కమాండ్‌కు డిఫాల్ట్ గడువు 30 సెకన్లు. ఈ అంకెను చూసి డిస్కు హ్యాంగ్ అయితే అరనిమిషంలో తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. డ్రైవర్ ఆ కమాండ్‌ను రద్దు చేసి 5 సార్లు దాకా మళ్లీ పంపగలదు. కాబట్టి చెడ్డ సందర్భంలో 3 నిమిషాలు, మధ్యలో బస్సును, అడాప్టర్‌ను రీసెట్ చేసే సమయం కలిపితే ఇంకా ఎక్కువ పట్టవచ్చు. అన్ని దారులూ పోయినప్పుడు మల్టీపాత్ పొర మరో లెక్క కలుపుతుంది. ఎన్నిసార్లు మళ్లీ చూడాలన్న సంఖ్యను పోలింగ్ విరామంతో గుణించినంత కాలం కమాండ్లు క్యూలో నిలుస్తాయి; 5 సెకన్ల విరామంతో 12 సార్లు అంటే సుమారు ఒక నిమిషం. క్యూ ఎప్పటికీ ఆపవద్దని చెప్పే అమరిక కూడా ఉంది. ఐస్కసీ సెషన్ తెగితే తిరిగి కలవడానికి డిఫాల్ట్‌గా 120 సెకన్లు ఇస్తారు. మల్టీపాత్ ఉన్నచోట దీన్ని కొద్ది సెకన్లకు తగ్గించమంటారు, ఎందుకంటే అక్కడ ఈ దారి ఆశ వదులుకున్నా పక్క దారి సిద్ధంగా ఉంటుంది. వర్చువల్ యంత్రాల్లో దీనికి వ్యతిరేకంగా చేస్తారు. కింద హోస్ట్ తన దారులు మార్చుకునేదాకా అతిథి వ్యవస్థ ఓపిక పట్టాలి గనుక వీఎంవేర్ టూల్స్ లినక్స్‌లో ఈ గడువును 180 సెకన్లకు పెంచుతుంది. చూడటానికి విరుద్ధంగా ఉన్న ఈ రెండు సలహాల వెనుక ఉన్న సూత్రం ఒకటే.

ఈ వరస తప్పితే ఏమవుతుందో సాధారణ డిస్కులే చూపించాయి. చదవలేని సెక్టార్ ఎదురైతే రైడ్ కోసం చేసిన డిస్కులు సాధారణంగా 7 సెకన్లలో ప్రయత్నం ఆపి లోపం చెబుతాయి. పైన ఉన్న రైడ్ పొర ఆ డేటాను మిగతా డిస్కుల నుంచి తెచ్చుకుంటుంది. డెస్క్‌టాప్ డిస్కు మాత్రం, తాను తప్ప వేరే దిక్కు లేదన్న భావనతో నిమిషాల కొద్దీ ప్రయత్నిస్తూనే ఉండవచ్చు. కెర్నెల్ గడువు 30 సెకన్లే కావడంతో డిస్కు ఇంకా పనిలో ఉండగానే డ్రైవర్ దాన్ని రీసెట్ చేస్తుంది, జవాబు లేదని రైడ్ మొత్తం డిస్కునే తొలగిస్తుంది. ఒక్క చెడ్డ సెక్టార్ ఒక డిస్కు నష్టంగా మారుతుంది. అలాంటి డిస్కులకు కెర్నెల్ గడువును 180 సెకన్లకు పెంచడం లినక్స్ రైడ్ వాడుకదారుల్లో స్థిరపడిన పద్ధతి. కింది పొర పూర్తి ప్రయత్నం పై పొర గడువులో ఇమడాలన్న నియమానికి ఇంతకన్నా చవకైన ఉదాహరణ దొరకదు.

ఈ పొరల పైన కూర్చున్న డేటాబేస్‌కు స్టోరేజి నిరీక్షణ మీద ఉన్న పట్టు, అనుకున్నదానికన్నా చాలా తక్కువ. పోస్ట్‌గ్రెస్‌లో ప్రశ్నకు గడువు పెట్టవచ్చు. గడువు తీరితే ఆ ప్రక్రియకు సిగ్నల్ అందుతుంది; అది బ్లాక్ డివైస్ నుంచి జవాబు కోసం కెర్నెల్‌లో అంతరాయం లేని నిద్రలో ఉంటే, లేచేదాకా ఆ సిగ్నల్‌ను పట్టించుకోదు. కిల్ మైనస్ తొమ్మిది కూడా అక్కడ పనిచేయదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 15 సెకన్లు దాటిన ఐఓల (చదివే, రాసే పనుల) గురించి 833 సంఖ్యతో సందేశం రాస్తుంది కానీ వాటిని రద్దు చేయదు. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో అంతర్గత సెమఫోర్ కోసం ఒక థ్రెడ్ 600 సెకన్లకు మించి ఆగితే సర్వర్ తనంతట తానే కూలిపోతుంది. ఇది మోటుగా కనిపించినా నిజాయితీ ఉన్న చర్య: లోపల ఏదో శాశ్వతంగా ఇరుక్కుందని ఒప్పుకుని, కోలుకునే బాధ్యతను లాగ్‌కు, పై పొరకు అప్పగిస్తుంది. అప్లికేషన్ వైపు అసహనం ఇంకా ఎక్కువ. జావాలో విరివిగా వాడే హికారీ పూల్ కనెక్షన్ కోసం డిఫాల్ట్‌గా 30 సెకన్లే ఆగుతుంది. కింద డిస్కు మూడు నిమిషాలు మౌనంగా ఉంటే పైన అప్లికేషన్ ఆరుసార్లు వదిలేసి ఆరుసార్లు మళ్లీ అడగవచ్చు. ఆలోపు డిస్కు కోసం ఆగిన ప్రతి పని డేటాబేస్ లోపల ఒక కనెక్షన్‌ను పట్టుకునే ఉంటుంది.

గడువు తీరిన రాత: తేలని ఫలితం

చదివే కమాండ్‌కు గడువు తీరితే మళ్లీ చదవవచ్చు, మరో ప్రతి నుంచి తెచ్చుకోవచ్చు. రాసే కమాండ్‌కు గడువు తీరితే ఆ రాత జరిగిందా లేదా అన్నది తేలని ప్రశ్న. అది పరికరం క్యాష్‌లో ఉండవచ్చు, దారిలో పోయి ఉండవచ్చు, కొన్ని సెకన్ల తర్వాత చేరవచ్చు. కెర్నెల్ ఈ సందిగ్ధాన్ని విఫలం అన్న ఒక్క మాటగా కుదించి పైకి పంపుతుంది. దాని పర్యవసానం 2018లో పోస్ట్‌గ్రెస్ వర్గాల్లో ఎఫ్‌సింక్ వివాదంగా పేరుపడిన చర్చలో బయటపడింది. రాత విఫలమైతే లినక్స్ ఆ లోపాన్ని ఒకసారి చెప్పి, మెమరీలోని పేజీని శుభ్రమైనదిగా గుర్తించేది. పోస్ట్‌గ్రెస్ అలవాటు ప్రకారం, రాతలను డిస్కుకు చేర్చమని కోరే ఎఫ్‌సింక్‌ను మళ్లీ పిలిస్తే ఈసారి విజయం అని జవాబు వచ్చేది, డేటా మాత్రం డిస్కు మీద ఉండేది కాదు. 2019 ఫిబ్రవరిలో విడుదలైన సవరణలతో పోస్ట్‌గ్రెస్ తన తీరు మార్చుకుంది. ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైనా డిఫాల్ట్‌గా సర్వర్ పానిక్ అయి ఆగిపోతుంది, తిరిగి లేచినప్పుడు వాల్ నుంచి మార్పులను మళ్లీ అమలు చేసుకుంటుంది (చూ. రైట్ అహెడ్ లాగ్). దీన్నిబట్టి గడువు ఎంపిక మారుతుంది. కొద్ది సెకన్ల దారి మార్పును లోపంగా ప్రకటిస్తే ఒకప్పుడు డేటా పోయేది, ఇప్పుడు సర్వరే పడిపోతుంది. ఎక్స్ఎఫ్ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్ అయితే తన లాగ్ రాయలేకపోయినప్పుడు తనను తాను మూసివేసుకుంటుంది. అలాంటి చోట గడువును తక్కువ పెట్టడం వల్ల దొరికే వేగం ఏమీ లేదు.

క్లస్టర్లు, ఫెన్సింగ్

అయితే ఎప్పటికీ ఆగుదాం అన్నదే సురక్షితమా? ఒకే సర్వర్, ఒకే వాల్యూమ్ ఉన్నచోట చాలామేరకు అవును. స్టాండ్‌బై ఉన్నచోట అనంతమైన ఓపిక కొత్త ప్రమాదం తెస్తుంది. మొదటి నోడ్ క్యూలో వందల రాతలు పట్టుకుని మౌనంగా ఉంది. రెండోది అదే వాల్యూమ్‌ను తీసుకుని పని మొదలుపెట్టింది. దారి తిరిగి తెరుచుకున్న క్షణంలో మొదటి నోడ్ పాత రాతలు కొత్త డేటా మీద పడతాయి. అందుకే వదిలేయడం ఒక్కటే చాలదు, పాత నోడ్‌కు వాల్యూమ్ మీద రాసే హక్కు తీసేయాలి. స్కసీ పర్సిస్టెంట్ రిజర్వేషన్లు, నోడ్ కరెంటు ఆపివేయడం ఇందుకు వాడే పద్ధతులు (చూ. ఫెన్సింగ్). ఒరాకిల్ క్లస్టర్‌వేర్ నెట్‌వర్క్ తెగిందన్న అనుమానానికీ, డిస్కు ఆగిందన్న అనుమానానికీ వేర్వేరు గడువులు వాడుతుంది. నెట్‌వర్క్ గుండెచప్పుడు కోసం డిఫాల్ట్‌గా 30 సెకన్లు, ఓటింగ్ డిస్కు మీద ఐఓ కోసం 200 సెకన్లు. డిస్కుకు అంత ఎక్కువ ఇవ్వడం స్టోరేజి దారులు మార్చుకునే కాలాన్ని లెక్కలోకి తీసుకున్నట్టు కనిపిస్తుంది. కింద స్కసీ, మల్టీపాత్ గడువులు కలిపి 200 దాటేలా పెడితే, స్టోరేజి కోలుకోబోతుండగా నోడ్ తనను తానే బయటికి నెట్టుకుంటుంది.

దీనికి భిన్నంగా ఈటీసీడీలో గుండెచప్పుడు 100 మిల్లీసెకన్లు, ఎన్నిక గడువు 1000 మిల్లీసెకన్లు. ఇంత చిన్న అంకెలు చెల్లడానికి కారణం ఇది: ప్రతి రాత అధికసంఖ్యాక సభ్యుల దగ్గర నిలిస్తేనే ఖరారవుతుంది, ఒక సభ్యుడి డిస్కు నెమ్మదించినా మిగిలినవాళ్లు నిర్ణయించగలరు. అమెజాన్ అరోరా ఇదే సూత్రాన్ని స్టోరేజి లోపలికి దింపింది: 6 ప్రతుల్లో 4 జవాబిస్తే రాత పూర్తి, మిగతా రెండింటి కోసం ఎవరూ ఆగరు. ప్రత్యామ్నాయం ఎంత దగ్గర్లో ఉంటే గడువు అంత చిన్నది కాగలదు.

క్లౌడ్ వాల్యూమ్‌లు

ఎలాస్టిక్ బ్లాక్ స్టోర్ వాల్యూమ్‌లు ఎన్‌వీఎంఈ పరికరాలుగా కనిపించే యంత్రాల్లో లినక్స్ డిఫాల్ట్ గడువు 30 సెకన్లు. దాన్ని కెర్నెల్ అనుమతించే గరిష్ఠానికి పెంచమని అమెజాన్ డాక్యుమెంటేషన్ చెబుతుంది. 4.15, ఆపై కెర్నెళ్లలో ఆ గరిష్ఠం 4294967295 సెకన్లు, అంటే 136 ఏళ్లకు పైగా. ఇది వెటకారంలా అనిపించినా తర్కం సరైనదే: యంత్రం లోపల ఆ వాల్యూమ్‌కు మరో దారి లేదు, ప్రతులను చూసుకునే పని అవతలి వ్యవస్థది.

2011 ఏప్రిల్ 21న అమెజాన్ తూర్పు అమెరికా రీజియన్‌లోని ఒక జోన్‌లో జరిగిన అంతరాయం ఈ చర్చకు రెండు వైపులా సాక్ష్యం. నెట్‌వర్క్ మార్పులో ట్రాఫిక్ పొరపాటున తక్కువ సామర్థ్యమున్న నెట్‌వర్క్ మీదికి మళ్లింది. స్టోరేజి నోడ్‌లకు తమ ప్రతులతో సంబంధం తెగింది. సంబంధం తిరిగి రాగానే అవన్నీ ఒకేసారి కొత్త ప్రతులకు చోటు వెతకడంతో ఖాళీ చోటు అయిపోయింది. ఆ జోన్‌లో సుమారు 13 శాతం వాల్యూమ్‌లు ఇరుక్కుపోయాయి. సంస్థ వెలువరించిన వివరణ ప్రకారం, కొత్త వాల్యూమ్ సృష్టించే అభ్యర్థనలకు ఉన్న దీర్ఘమైన గడువు వల్ల అవి పేరుకుపోయి నియంత్రణ వ్యవస్థలో థ్రెడ్లు అయిపోయాయి. దాంతో మిగతా జోన్‌ల అభ్యర్థనలూ దెబ్బతిన్నాయి. రెండు జోన్‌లలో నడిచేలా పెట్టుకున్న ఆర్‌డీఎస్ డేటాబేస్‌లలో 2.5 శాతం, ఐఓ ఇరుక్కున్నా తమంతట తాము రెండో జోన్‌కు మారలేదు. డేటా మార్గంలో ఓపిక సరైనదే కావచ్చు. అందరూ పంచుకునే నియంత్రణ మార్గంలో అదే ఓపిక అంటువ్యాధి అవుతుంది. ఇక్కడ అభ్యర్థన విఫలమైతే మళ్లీ అడగవచ్చు, తేలని రాత ఏదీ మిగలదు, కాబట్టి గడువు చిన్నదిగా ఉండటమే మేలు.

అభ్యంతరాలు

ఫ్లాష్ స్టోరేజి మైక్రోసెకన్లలో జవాబిస్తున్న రోజుల్లో 30 సెకన్లు తిరిగే డిస్కుల కాలం నాటి అవశేషమని ఒక వాదన. మామూలు జవాబు వేగం ఎన్నో రెట్లు పెరిగిన మాట నిజమే. స్టోరేజి కంట్రోలర్ ఒకటి పడిపోయి రెండోది బాధ్యత తీసుకోవడం, ఫర్మ్‌వేర్ మార్పు, నెట్‌వర్క్ తిరిగి కుదురుకోవడం మాత్రం ఇప్పటికీ సెకన్లలో, ఒక్కోసారి పదుల సెకన్లలో జరుగుతాయి. గడువు కాచుకోవలసింది ఆ ఘటనలను.

గడువును గత జవాబుల తీరు నుంచి గణించి తనంతట తాను మారేలా చేయవచ్చన్నది మరింత బలమైన అభ్యంతరం. జపాన్‌లోని పరిశోధకులు 2004లో ప్రతిపాదించిన ఫై అక్రూవల్ పద్ధతి బతికుంది, చచ్చింది అనే బదులు అనుమానపు స్థాయిని అంకెగా ఇస్తుంది. జెఫ్ డీన్, బరోసో 2013లో వివరించిన పద్ధతిలో, జవాబు మామూలు కన్నా ఆలస్యమైతే అదే అభ్యర్థనను మరో ప్రతికి పంపి ముందు వచ్చినదాన్ని తీసుకుంటారు. చదివే పనులకు, ప్రతులున్న వ్యవస్థలకు ఇవి నిజంగా ఉపయోగం. ఒకే వాల్యూమ్ మీద రాతకు రెండో పద్ధతి వర్తించదు, మొదటిది ఎప్పుడు అనుమానించాలో చెబుతుంది కానీ అనుమానించాక ఏం చేయాలో చెప్పదు.

గడువులెన్ని ఉన్నా వాటికి చిక్కని లోపం ఒకటుంది: పూర్తిగా ఆగకుండా నత్తనడకన సాగే పరికరం. 12 సంస్థల నుంచి సేకరించిన 101 ఘటనలతో 2018లో వెలువడిన అధ్యయనం డిస్కులు, ఎస్ఎస్‌డీలు, మెమరీ, నెట్‌వర్క్, ప్రాసెసర్ అన్నిటిలోనూ ఇలాంటివి చూపింది. ప్రతి ఐఓ 8 సెకన్లు పడుతుంటే 30 సెకన్ల గడువు ఒక్కసారీ మోగదు, అయినా డేటాబేస్ వాడకానికి పనికిరాదు. ఈ అభ్యంతరానికి గడువుల వైపు నుంచి జవాబు లేదు. జాప్యాన్ని విడిగా కొలిచి, డిస్కును నిజంగా తాకే ఆరోగ్య పరీక్షతో పై పొరలో నిర్ణయం తీసుకోవలసిందే. క్లస్టర్ గుండెచప్పుడు మెమరీ నుంచే పంపితే, డిస్కు చచ్చినా అది ఆరోగ్యంగా కొట్టుకుంటూనే ఉంటుంది.

కొలత, పరీక్ష

ఆచరణలో ముందు చేయవలసింది ప్రతి పొర గడువునూ, మళ్లీ ప్రయత్నించే సంఖ్యనూ ఒక పట్టికలో రాసి, చెడ్డ సందర్భానికి గుణించి చూడటం. నడుస్తున్న వ్యవస్థలో ఐఓస్టాట్ చూపే సగటు జాప్యం కన్నా, పోస్ట్‌గ్రెస్ నిరీక్షణ ఘటనలు, ఒరాకిల్‌లో లాగ్ ఫైల్ సింక్ వంటి నిరీక్షణల గరిష్ఠాలు ఎక్కువ చెబుతాయి. సగటు మూడు నిమిషాల మౌనాన్ని మింగేస్తుంది. పరీక్షల్లో లోపం పుట్టించడం అందరూ చేస్తారు, మౌనం పుట్టించడం కొద్దిమందే చేస్తారు. రెండూ వేర్వేరు కోడ్ దారులను నడిపిస్తాయి. లినక్స్‌లో డీఎం సెటప్‌తో వాల్యూమ్‌ను సస్పెండ్ చేస్తే ఏ లోపం చెప్పకుండా ఐఓ ఆగిపోతుంది, రెజ్యూమ్ చేస్తే సాగుతుంది. పది సెకన్లు, ఒక నిమిషం, నాలుగు నిమిషాలు ఇలా ఆపి, ఏ గడియారం ముందు మోగిందో, అది మోగినప్పుడు ఆ పొర చేతిలో మరో దారి ఉందో లేదో నమోదు చేయాలి.